పాత గుడి విప్పేముందు

(శ్రీకాకుళం జిల్లాలో ఒక గ్రామ విచారణ, అంటే కథోలిక పారిష్, పెద్దల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పూజ్య విచారణ గురువులకు, సిస్టర్లకు, ఉపదేశులకు, గుడి కమిటీ పెద్దలకు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

కొత్త గుడి కట్టాలని మీరు తీర్మానం చేశారు. దాన్ని ఆపమని చెప్పడానికి నేను రాలేదు. పండగనాడు సగం మంది బయట షామియానా కింద నిలబడుతున్నారు. వాన పడితే బలిపీఠం పక్కన బకెట్టు పెట్టాల్సి వస్తోంది. అలాంటప్పుడు కొత్తది వద్దని ఎవరంటారు? నేను అడిగేది ఒక్కటే. గోడకి గడ్డపార తగలకముందు కొన్నాళ్ళు ఆగండి. ఈ గోడల్లో ఏముందో, సాక్రిస్టీ (పూజా వస్తువులుంచే గది) బీరువాలో ఏముందో చూసి, కొలిచి, రాసి, ఫోటో తీసి పెట్టుకుందాం. ఆ తర్వాతే కూలీలను పిలుద్దాం.

ముందుగా మనం ఎక్కణ్ణించి వచ్చామో చెప్పుకోవాలి. ఎందుకంటే మన కాగితాలు ఎక్కడున్నాయో ఆ కథలోనే తెలుస్తుంది.

గుంటూరు వైపు కథోలికుల చరిత్ర వేరు. అక్కడ 18వ శతాబ్దంలోనే జెస్విట్ గురువుల దగ్గర జ్ఞానస్నానం (బాప్తిజం) తీసుకున్న రైతు కుటుంబాలు రాయలసీమ నుంచి వలస వచ్చి, ఊళ్ళకు ఊళ్ళే కట్టుకున్నాయి. మన ఉత్తరాంధ్రలో అలా జరగలేదు. ఇక్కడ మొదట కనిపించేది రేవు, దండు. విజయనగరంలో కంటోన్మెంటు అన్న పేరు ఇప్పటికీ ఉంది కదా. కంపెనీ పటాలాల్లో ఐరిష్ కథోలికులు ఉండేవారు, తమిళ కథోలికులు ఉండేవారు. ఈ ప్రాంతమంతా అప్పట్లో మద్రాసు వికారియేటు కిందే ఉండేది. వికారియేటు అంటే రోము ప్రతినిధిగా ఒక బిషప్పు పాలించే మిషన్ ప్రాంతం. మద్రాసు ఎక్కడ, మన నాగావళి ఎక్కడ? ఒక గురువు ఇటు రావాలంటే అదో పెద్ద యాత్ర.

1845లో రోము ఈ ప్రాంతాన్ని పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులకు అప్పగించింది. ఆ సభను 1838లో అన్నెసీ పట్టణంలో పియేర్ మరీ మెర్మియే అనే గురువు స్థాపించారు. పుట్టి పదేళ్ళు కూడా నిండని సభ అది. దాని మొదటి బృందం 1846లో విశాఖపట్నం చేరింది. మనం వాళ్ళను ‘ఫ్రెంచి ఫాదర్లు’ అంటాం. అన్నెసీ ఉన్న సవోయ్ ప్రాంతం 1860 దాకా ఫ్రాన్సులోనే లేదు, సార్డీనియా రాజ్యంలో ఉండేది. ఆల్ప్స్ కొండల్లో, మంచు పడే పల్లెల్లో పుట్టినవాళ్ళు. వాళ్ళు వచ్చి మన ఎండల్లో, మన కలరాల్లో ఎడ్లబండి మీద, గుర్రం మీద ఊరూరా తిరిగారు. ఈ తీరానికి రైలు వచ్చింది 1890లలో. అంటే దాదాపు యాభై ఏళ్ళ పాటు విశాఖపట్నం నుంచి ఇటువైపు వచ్చిన ప్రతి గురువూ దుమ్ము తింటూ, ఏరులు దాటుతూ వచ్చినవాడే. 1849లో వచ్చిన అన్నెసీ పునీత జోజప్ప సభ సిస్టర్లదీ అదే కష్టం.

1850లో విశాఖపట్నం వికారియేటు ఏర్పడింది. మొదటి వికార్ అపోస్తలిక్, అంటే దాన్ని పాలించిన రోము ప్రతినిధి, బిషప్ నెరే, 1862లో చనిపోయారు. ఆ తర్వాత బిషప్ తిస్సో. 1886లో అది మేత్రాసనమైంది, అంటే సొంత బిషప్పు పీఠం ఉన్న పూర్తి డయోసీసు. ఒకప్పుడు దాని హద్దులు గోదావరి నుంచి ఒడిశా మీదుగా నాగపూర్ దాకా ఉండేవంటే ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంటుంది. 1887లో నాగపూర్ విడిపోయింది, 1937లో కటక్ మేత్రాసనమైంది. మన శ్రీకాకుళం మేత్రాసనం ఏర్పడింది 1993 జూలై 1న. విశాఖపట్నం 2001లో అగ్రపీఠం, అంటే ఆర్చ్‌డయోసీసు, అయింది.

ఈ తేదీలన్నీ ఎందుకు చెబుతున్నానంటే, మన కమిటీ కుర్రాళ్ళు శ్రీకాకుళం బిషప్ హౌస్‌కి వెళ్ళి పాత కాగితాలు అడుగుతామంటున్నారు. అడగండి, తప్పు లేదు. కానీ 1993కి ముందు మన ఉత్తరప్రత్యుత్తరాలన్నీ విశాఖపట్నంతో నడిచాయి. ఇంకా పాత ఉత్తరాలు, ఇక్కడి గురువులు తమ సభ పెద్దలకు రాసుకున్నవి అన్నెసీకి వెళ్ళాయి. ఏ ఊళ్ళో ఎంతమంది జ్ఞానస్నానం తీసుకున్నారు, ఏ వానకి ఏ పాక పడిపోయింది లాంటివి వాళ్ళు ఇంటికి ఉత్తరం రాసినట్టు రాసేవారు. మన ఊరి పేరు వాటిల్లో ఫ్రెంచి స్పెల్లింగులో ఉంటుంది. ‘ఊ’ అనే శబ్దానికి వాళ్ళు ‘ఓ’ పక్కన ‘యు’ వేసి రాస్తారు, ‘చ’కి ముందు ఒక ‘టి’ తగిలిస్తారు. ఇంగ్లీషు అలవాటుతో వెతికితే దొరకదు.

ఇక శతాబ్ది గొడవ. మన గుడికి వందేళ్ళు ఎప్పుడు నిండాయన్న దాని మీద రెండు వర్గాలు అయ్యాయని విన్నాను. నిజానికి అందరూ సరిగ్గానే లెక్కపెడుతున్నారు, కాకపోతే వేరు వేరు వాటిని లెక్కపెడుతున్నారు. ఊళ్ళో మొదటి జ్ఞానస్నానం జరిగిన ఏడాది ఒకటి. పునాదిరాయి మీదున్న ఏడాది ఇంకొకటి. గుడి కట్టడం పూర్తయి ఆశీర్వదించిన తేదీ మరొకటి. ఇవన్నీ ఒక ఎత్తు, ఈ ఊరు ‘విచారణ’ అయిన రోజు ఒక ఎత్తు. పూజ జరుగుతున్నంత మాత్రాన, గుడి ఉన్నంత మాత్రాన విచారణ కాదు. విచారణను ఏర్పాటు చేసే అధికారం బిషప్పుకే ఉందని సంఘ చట్టం చెబుతోంది. దానికి ఒక ఉత్తర్వు కాగితం ఉంటుంది. అంతకుముందు చాలా ఏళ్ళు మన ఊరు ఇంకో విచారణకు సబ్ స్టేషనుగా, అంటే దాని కింది ఊరుగా, నడిచి ఉంటుంది. అంటే మన మొదటి తరం వాళ్ళ జ్ఞానస్నానాలు మన బీరువాలో ఉండవు, ఆ తల్లి విచారణ రిజిస్టర్లలో ఉంటాయి. ‘మా తాత పేరు పుస్తకంలో లేదు, చెదలు తినేశాయి’ అని బాధపడేవాళ్ళు ఒకసారి అక్కడ కూడా చూడండి.

కట్టడాల సంగతికి వస్తాను. మన పెద్దవాళ్ళలో ఒకావిడను మొదటి గుడి గురించి అడిగితే, ‘నానేటి సెప్తాను బాబూ, మాకు గుడంటే ఉపదేశి గోరి అరుగే’ అంది. మన పల్లె విచారణల చరిత్ర అంతా ఆ మాటలో ఉంది. గురువు నెలకో, రెండు నెలలకో వచ్చేవాడు. మిగతా రోజులన్నీ సంఘాన్ని నిలబెట్టింది ఉపదేశి. పొద్దున్న పిల్లలకు అక్షరాలు, సాయంత్రం జపమాల, ఎవరైనా పోతే సమాధి ప్రార్థన, ఎవరికైనా సుస్తీ చేస్తే గురువు కోసం పక్క స్టేషనుకి నడక. జీతం ఎప్పుడూ అంతంతమాత్రమే. గురువుల పేర్లు పాలరాతి మీద చెక్కించాం, మంచిదే. ఉపదేశుల పేర్లు ఏ రాతి మీదా లేవు. కొత్త గుడిలో రాయి వేయించేటప్పుడు వరుసగా ఉపదేశుల పేర్లు కూడా చెక్కించాలని నా విన్నపం, గట్టి విన్నపం.

అరుగు తర్వాత పాక. మట్టిగోడలు, తాటి దూలాలు, తాటికమ్మల కప్పు. తాటిచెట్టుకి మన జిల్లాలో కరువు లేదు. గాలివానకి కప్పు ఎగిరితే ఊరంతా కలిసి మళ్ళీ కప్పుకునేవారు. ఆ పాకలోనే వారం రోజులూ బడి, ఆదివారం పూజ. నల్లబల్ల తిప్పి పెడితే గుడి, మళ్ళీ తిప్పితే బడి. చాలా ఊళ్ళల్లో ఆర్.సి.ఎం. (రోమన్ కేథలిక్ మిషన్) స్కూలు అనేది గుడి కంటే ముందే పేరు తెచ్చుకుంది.

ఆ తర్వాత వచ్చిందే మనం ఇప్పుడు విప్పబోయే ఈ సున్నపు గుడి. దీని ముందు కాస్త ఎక్కువసేపు నిలబడదాం. గోడ మందం చూడండి, నా మూర దాటి ఉంది. ఇటుకల మధ్యలో ఉన్నది సిమెంటు కాదు. మన తీరంలో గవ్వలు, ఆల్చిప్పలు కాల్చి గుల్ల సున్నం చేసేవారు. దాన్ని ఇసుకతో కలిపి గానుగలో ఎద్దుచేత తిప్పించి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి రోజుల తరబడి నానబెట్టేవారు. పైపూతకి కోడిగుడ్డు సొన కలిపి రాయితో రుద్ది నునుపు తేల్చేవారు. బలిపీఠం వెనక గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, ఇప్పటికీ చల్లగా, అద్దంలా ఉంటుంది. మిగతా గోడలు ఎందుకు పెచ్చులూడుతున్నాయి? తర్వాతి కాలంలో వాటి మీద సిమెంటు పూశారు కాబట్టి. సున్నపు గోడ నేల తేమను పీల్చుకుని బయటికి వదిలేస్తుంది. పైన సిమెంటు వేస్తే ఆ తేమకి దారి లేక లోపలే ఉండిపోయి, ఉప్పు పట్టి, ఇటుకని తినేస్తుంది. మంచి మనసుతో, చందాలు వేసుకుని మరీ చేసిన రిపేరే ఇది. ఒక్క సున్నపు మేస్త్రిని అడిగి ఉంటే సరిపోయేది. ఇంకా పాత గుడులు ఉంచుకున్న పక్క విచారణల వాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. సున్నానికి సున్నమే వేయించండి.

కప్పు విప్పేటప్పుడు పెంకుల్ని ట్రాక్టరులో పారబోయకండి. ఒక్కొక్కటీ తిరగేయండి. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో మొదలుపెట్టిన పెంకుల పరిశ్రమ తర్వాత పడమటి తీరమంతా పాకింది. ఆ పెంకుల అడుగున కంపెనీ పేరు, ఊరి పేరు అచ్చు వేసి ఉంటుంది. కప్పు ఎప్పుడు వేశారో, ఎన్నిసార్లు మార్చారో ఆ ముద్రల్ని బట్టి కొంత పోల్చుకోవచ్చు. ఒక్కో రకం ముద్రకి రెండేసి పెంకులు దాచితే చాలు. దూలాలు గుగ్గిలం చెక్కలా ఉన్నాయి. వాటిని కట్టెల కింద వేలం వేయొద్దు. కొత్త గుడి తలుపులకు, బెంచీలకు పనికొస్తాయి.

గంట సంగతి కూడా చెప్పాలి. మన గంట మీద అక్షరాలు ఉన్నాయని అందరికీ తెలుసు, ఏమున్నాయో ఎవరూ ఎక్కి చదవలేదు. అన్నెసీ ప్రాంతంలోనే పక్కార్ అనే కుటుంబం 1796 నుంచి గంటలు పోతపోస్తోంది. పారిస్ కొండ మీది సాక్రే కేర్ గుడిలో ఉన్న పెద్ద గంట, సవోయార్డ్, 1891లో వాళ్ళు పోసిందే. మన గంటా అక్కడిదేనని నేను అనడం లేదు. గంట అంచు మీద పోసినవాడి పేరు, ఏడాది, ఒక్కోసారి దాత పేరు ఉంటాయి. పిండితోనో సుద్దతోనో రుద్ది, పక్క నుంచి లైటు వేసి ఫోటో తీస్తే అక్షరాలు తేలతాయి. గంటను దించేటప్పుడు క్రేన్ వాడితో ముందే మాట్లాడండి. కిందపడి పగిలిన గంట మళ్ళీ మోగదు.

బలిపీఠం దగ్గర మరీ జాగ్రత్త కావాలి. ఇప్పుడు గురువు మనవైపు తిరిగి పూజ చేస్తున్నారు. 1960ల ముందు పుట్టినవాళ్ళకి తెలుసు, అప్పట్లో బలిపీఠం గోడకి ఆనుకుని ఉండేది, గురువు మనకు వీపు పెట్టి లాటిన్‌లో పూజ చెప్పేవారు. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఆరాధన మీద పత్రం ఇచ్చాక తెలుగు పూజ వచ్చింది. బలిపీఠం ముందుకు వచ్చింది, అడ్డంగా ఉన్న కటకటాలు తీసేశారు. మన గుడిలో పాత పీఠాన్ని తియ్యకుండా దాని ముందు ఇంకొకటి కట్టారు. ఆ పాత పీఠం పైపలక మధ్యలో ఒక చదరపు రాయి ఉంది చూడండి. దాని మీద ఐదు చిన్న సిలువ గుర్తులు ఉంటాయి. ఆ రాతిలో చిన్న గుంట తవ్వి, పునీతుల అవశేషాలు పెట్టి మూసేవారు. ఆ రాయి లేనిదే పూజ చేయకూడదన్నది అప్పటి నియమం. గురువులు ఊళ్ళ మీదికి వెళ్ళేటప్పుడు పెట్టెలో అలాంటి రాయిని మోసుకెళ్ళేవారు. పీఠం పగలగొట్టే మేస్త్రికి ఆ సంగతి తెలియదు, శిథిలాల్లో కలిపేస్తాడు. ఆ రాయిని ఫాదర్ గారే స్వయంగా తీసి, బిషప్ గారికి చెప్పి భద్రపరచాలి. జ్ఞానస్నాన తొట్టి కూడా అంతే. మనలో చాలామంది, మన అమ్మానాన్నలు, తలవంచిన తొట్టి అది. అది కొత్త గుడిలోకి రావాలి. మార్బుల్ ది ఇంకొకటి కొనే పని లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది బీరువాలో ఉంది. జ్ఞానస్నానాల రిజిస్టర్లు. ఈ మధ్య ఫాదర్ గారి అనుమతితో కొన్ని పేజీలు చూశాను. గుడి గోడల కంటే ఆ పుస్తకాలే మన విచారణ అని నాకు అనిపించింది.

ఎందుకలా అంటున్నానో వినండి. మన ప్రాంతం జమీందారీల కింద ఉండేది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా లెక్కలన్నీ శిస్తు లెక్కలే. కరణం పుస్తకంలో ఎక్కాలంటే భూమి ఉండాలి, లేదా శిస్తు బాకీ ఉండాలి. మన తాతలకి రెండూ లేవు, చెయ్యి మాత్రమే ఉంది. కూలీ చేసుకునేవాడి పేరు, వాడి భార్య పేరు, వాళ్ళకి పుట్టిన బిడ్డ పేరు, ఆ బిడ్డని ఎత్తుకున్న జ్ఞానతల్లిదండ్రుల పేర్లు, ఇవన్నీ ఒక్క వరుసలో, తేదీతో సహా, గౌరవంగా రాసి ఉన్నది ఈ పుస్తకంలోనే. ‘ఎగో ఇన్‌ఫ్రాస్క్రిప్టుస్ బాప్తిజావి’ అంటూ, కింద సంతకం చేసిన నేను ఫలానా వారి కూతురికి జ్ఞానస్నానం ఇచ్చాను అని గురువు తన పేరు పెట్టి బాధ్యత తీసుకుని రాశాడు. కొన్ని పేజీల్లో వరుసగా ‘ఇన్ పెరికులో మోర్తిస్’ అని కనిపిస్తుంది, ప్రాణాపాయంలో ఇచ్చిన జ్ఞానస్నానం అని అర్థం. అన్నీ పసిపిల్లల పేర్లే. అలాంటి పేజీ వచ్చిందంటే ఆ ఏడు ఊళ్ళో కలరానో మశూచో కరువో వచ్చిందన్నమాట. ఆ తల్లుల గురించి రాసిన చరిత్ర ఇంకెక్కడుంది?

అసలు చదవాల్సింది పేజీ అంచుల్ని. 1907లో రోము ‘నే తెమెరె’ అనే శాసనం ఇచ్చింది, 1908 పాస్కా (ఈస్టర్) నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఎవరికైనా ఎక్కడ పెళ్ళయినా, ఆ సంగతి వాళ్ళ జ్ఞానస్నానం రాసి ఉన్న సొంత విచారణకి తెలియజేయాలి, ఆ పేరు పక్కన అంచులో రాయాలి. పెళ్ళయినవాడు ఇంకోచోట మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా పెట్టిన నియమం అది. కానీ మన జిల్లాకి అది చేసిన మేలు వేరే ఉంది. మన జిల్లా వలసల జిల్లా కదా. రంగూన్ వెళ్ళారు, ఖరగ్‌పూర్ రైల్వేకి వెళ్ళారు, బెంగాల్ జూట్ మిల్లులకి వెళ్ళారు, అస్సాం టీ తోటలకి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు ఏమయ్యారో ఇంట్లోవాళ్ళకే తెలియని కుటుంబాలు ఎన్నో. అక్కడ గుడిలో పెళ్ళి చేసుకుని ఉంటే మాత్రం, ఆ కబురు ఉత్తరంగా ఇక్కడికి చేరి, ఈ అంచులో సన్నటి అక్షరాలతో కూర్చుంది. నేను చూసిన పేజీల్లో ఒకచోట ఖరగ్‌పూర్ అని, ఇంకోచోట రంగూన్ అని చదివాను. ఒక పేరు పక్కన ఊరు, తేదీ, పెళ్ళికూతురి పేరు, అంతే. ఆ ఇంటివాళ్ళు ఇప్పుడు ఈ సభలోనే ఉండి ఉండవచ్చు.

ఈ పుస్తకాల్లో నొప్పి కూడా ఉంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, మనకు ఇవ్వలేదు. అందుకే ఇంట్లో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు. పిల్లల చదువు కోసం, ఉద్యోగం కోసం తల్లిదండ్రులు పడ్డ టెన్షన్ మీకు నేను చెప్పాలా? కాబట్టి ఒక హెచ్చరిక. ఈ పేజీల ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు, ఫేస్‌బుక్‌లో అసలే వద్దు. పుట్టుక వివరాలు, తండ్రి పేరు లేని బిడ్డల వివరాలు ఉంటాయి. పాత తరం వాళ్ళ పేర్లు మాట్లాడుకుందాం, బతికున్నవాళ్ళవి ఫాదర్ గారి తాళం కిందే ఉండాలి.

తుఫాన్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీకి పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఇళ్ళ మీద రేకు మిగల్లేదు. ఇంకో తుఫాను రాదని ఎవరు చెప్పగలరు? బీరువా మీద రేకు ఎగిరిన రాత్రి ఏ రిజిస్టరూ మిగలదు. ఉన్నది ఒక్క ప్రతే.

అందుకని పని పంచుకుందాం. ఇంజనీరింగ్ చదివిన కుర్రాళ్ళు నలుగురు టేపు పట్టుకుని గుడి లోపలా బయటా కొలిచి, ప్లాను గీయండి, కిటికీలు తలుపులతో సహా. సర్వే నంబరు, దస్తావేజు, అడంగల్ కమిటీ సెక్రటరీ గారు ఒకచోట చేర్చండి. స్థలం ఇచ్చినవాళ్ళు ఎవరో అందులో బయటపడుతుంది. ఇచ్చినవాళ్ళు కథోలికులు కాకపోవచ్చు, అలాంటి ఊళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళ కుటుంబాన్ని కొత్త గుడి ఆశీర్వాదానికి ముందు వరసలో కూర్చోబెట్టాలి. ఇళ్ళల్లో పాత పెళ్ళి ఫోటోలు ఉంటే తీసుకురండి. వధూవరులు ఎవరన్నది మాకు ఒక ఎత్తు, వాళ్ళ వెనక కనిపించే గోడ, పీఠం ఇంకో ఎత్తు. డెబ్బై ఏళ్ళు దాటిన అమ్మల దగ్గర కూర్చుని ఫోనులో రికార్డు చేయండి. గుడి గురించి అడగకండి, వాళ్ళ పెళ్ళి ఎక్కడ జరిగింది, గురువు ఎలా వచ్చాడు, ఆ రోజు ఏం వండారు అని అడగండి. మిగతాది వాళ్ళే చెబుతారు.

రిజిస్టర్ల పని మాత్రం ఫాదర్ గారి సమక్షంలో, ఆఫీసు గదిలోనే జరగాలి. చేతులు కడిగి తుడుచుకుని రండి. వేలు తడిచేసి పేజీ తిప్పొద్దు. ఆ పాత సిరా గోధుమరంగుకి తిరిగి కాగితాన్ని తొలిచేసింది, గట్టిగా తిప్పితే అక్షరమే రాలిపోతుంది. లామినేషన్ చేయిద్దామని ఎవరో అన్నారు, దయచేసి వద్దు. అది ఒకసారి అంటితే ఊడదు, లోపల కాగితం ఉడికిపోతుంది. ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుగులో, పేజీకొక ఫోటో, అంచులు తెగకుండా తీయాలి. తీసినవి రెండు హార్డ్ డిస్కుల్లో ఎక్కించి ఒకటి ఇక్కడ, ఒకటి శ్రీకాకుళం బిషప్ హౌస్‌లో పెడదాం. వచ్చే ఆదివారం రెండో పూజ అవగానే మొదలుపెడతాం. లాటిన్ చేతిరాత చదవడం నేను నేర్పిస్తాను, పెద్ద కష్టమేం కాదు, అవే మాటలు ప్రతి వరుసలోనూ వస్తాయి. ఇంటర్ చదివే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, పేర్లు ఇవ్వండి. సిస్టర్ గారు గుమ్మం దగ్గర పుస్తకం పట్టుకుని ఉంటారు.